నా కాలేజీ సంగతి నన్నడగాల్సింది

పటాన్‌చెరు,
ఆదివారం.

అన్నకు,

నమస్కారం లేకుండా ఉత్తరం మొదలుపెడితే అమ్మ బాధపడుతుంది, కనుక నమస్కారం. నా ఒంట్లో బాగానే ఉంది. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? వదిన, పిల్లలు కులాసా అనుకుంటాను. నీ కులాసా మాత్రం ఈసారి అడగడం లేదు. ఉత్తరం అమ్మకు చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను, మధ్యలో ఏ ముక్కా మింగకుండా చదువు. మింగావని తెలిస్తే ఇకమీదట వదిన పేరు మీద రాస్తాను. ఆమె అక్షరం పొల్లుపోకుండా చదువుతుంది.

ఇక్కడ చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు. గాలి ఎటు తిరిగితే అటువైపు ఫ్యాక్టరీ వాసన వస్తుంది. ఉతికిన చీర తీగ మీద ఆరేలోపు మందుల వాసన పట్టేస్తుంది. గది పరవాలేదు. ఇంటి ఓనరమ్మ మంచిదే కానీ నీళ్ల దగ్గర మాత్రం మనిషి మారిపోతుంది. తిండికి లోటు లేదని అమ్మకు చెప్పు. రొట్టె తిని చాలా రోజులైంది, ఇక్కడి జొన్నపిండి మన ఖేడ్ పిండిలా సాగదు, తట్టబోతే విరుగుతుంది. అమ్మ పంపిన టమాట పచ్చడి అందింది. అందుకు అమ్మకే సంతోషం చెప్పు, నీకు కాదు. ఆ రోజు నువ్వు మా కంపెనీ గేటు దగ్గర ఇచ్చిపోయింది పచ్చడి ఒక్కటే కాదని నాకు ఇప్పుడు తెలిసింది.

అసలు సంగతికి వస్తాను. అమ్మకు నా పని ఏమిటో సరిగ్గా తెలియదు, ఆమె కోసం రాస్తున్నాను. మా కంపెనీలో నాది టెలిఫోన్ బోర్డు మీద కూర్చునే పని. బయటి నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు నా దగ్గరికే వస్తుంది. లైన్‌లో ఉండండి అని చెప్పి, వాళ్లడిగిన మనిషికి కలుపుతాను. పొద్దంతా నేను పలికేది ఆ ఒక్క ముక్కే. ఒకరి మాట ఇంకొకరికి కలపడమే తప్ప అక్కడ నా మాటంటూ ఒకటి ఉండదు. ఇంకో సంగతి, నా తర్వాత కూర్చోవాల్సిన మనిషి వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవకూడదు. ఆ మనిషిని రిలీవర్ అంటారు. నా రిలీవర్ ఖాజా భాయి. నెరిసిన గడ్డం, మోకాళ్ల నొప్పులు అమ్మకున్నట్టే, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి.

నా డ్యూటీ అయిదున్నరకు అయిపోతుంది. అప్పుడు బస్సెక్కితే సిటీలో నా లా కాలేజీకి చేరేసరికి మొదటి క్లాసు దాటిపోతుంది. హాజరు వేసేది ఆ మొదటి క్లాసులోనే. నేను కాలేజీలో చేరానని తెలిసిన రోజు నుంచి ఖాజా భాయి తనంతట తానే గంట ముందు వచ్చి బోర్డు మీద కూర్చునేవాడు. నేను అడగలేదు. బదులుగా ఆయన ఏమీ అడగలేదు. ఆ గంట మీదే నా చదువు నడిచింది.

పచ్చడి వచ్చిన మర్నాటి నుంచి ఆయన ముందు రావడం మానేశాడు. సరిగ్గా డ్యూటీ టైముకే వచ్చి, తల వంచుకుని కూర్చునేవాడు. ఏమైందని అడగడానికి నాకు నోరు రాలేదు. దయతో చేసే పనికి, ఎందుకు మానేశావని నిలదీసే హక్కు నాకెక్కడిది? ఎక్కడ తప్పుగా మాట్లాడానో అని రాత్రిళ్లు తవ్వుకుంటూ పడుకునేదాన్ని. రోజూ ఆలస్యంగా కాలేజీకి పోవడం, మూసిన తలుపు బయట నిలబడటం. సరిగ్గా అదే సమయానికి నీ ఉత్తరం దిగింది. రాను పోను పరేషాన్ ఎందుకు, సంగారెడ్డిలో కొత్త లా కాలేజీ పడింది, పార్ట్‌టైం వాళ్లు ఆదివారం పోతే చాలట, మార్పించుకో, ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడి పెట్టాను అని ఎంత ముద్దుగా రాశావు! మా అన్నకు నా కష్టం అంత దూరం నుంచే తెలిసిపోయిందని, చదివి ఏడ్చాను కూడా. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

నీ మాట మీద గౌరవంతో పోయిన ఆదివారం సంగారెడ్డి పోయాను. కింద సిమెంటు దుకాణం, పైన నీ కాలేజీ. తాళం వేసి ఉంది. దుకాణంలో అడిగితే పక్క ఇంట్లోంచి గుమాస్తా లుంగీ మీదే వచ్చాడు. క్లాసులు ఎప్పుడండీ అంటే నన్ను వింతగా చూశాడు. "క్లాసులేందమ్మా, పరీక్షలప్పుడు రా. హాజరు మేం సూస్కుంటం" అన్నాడు. ఎంత ఉదారంగా అన్నాడో! అయినా తిరుగు బస్సులో ఆలోచించాను. అక్కడ క్లాసు లేదు కానీ పాస్ ఉంది. ఇక్కడ క్లాసు ఉంది కానీ హాజరు లేక పరీక్షే పోయేలా ఉంది. మారడమే మేలేమో అని సగం మనసు ఒప్పుకుంది కూడా. నిజం చెప్పాలంటే సగం కంటే ఎక్కువే.

సోమవారం ఖాజా భాయి టైముకు వచ్చి కుర్చీ పక్కన నిలబడగానే నాకు ఆగలేదు. పెద్ద మనిషివని నమ్మితే నడి దారిలో వదిలేశావని అనేశాను. ఆ ముసలాయన మొహం పాలిపోయింది. అప్పుడు చెప్పాడు.

"మీ అన్న వచ్చి చెప్పిండు గద బిడ్డా. కాలేజీ మారుతున్నది, ఇగ నువ్వు జల్దీ రాకు అన్నడు. ఇంటి పెద్దోడు చెప్తే నేను కాదంటనా?"

నేను ఈ కాలేజీ వదిలేస్తున్నానని, తనతో చెప్పడానికి సిగ్గుపడుతున్నానని అనుకున్నాడట ఆయన. అందుకే తల ఎత్తలేదట. ఆ మనిషిని నేనన్న మాటలు నీ ఖాతాలో రాసుకో.

అన్నా, ఇంకెవరైనా ఈ పని చేస్తే తెలియక చేశాడనుకునేదాన్ని. నువ్వు కండక్టరువి. రిలీవర్ రాకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? డిపోలో నీ రిలీవర్ రాక, డబుల్ డ్యూటీ పడి, ఇంటికొచ్చి వదిన మీద అన్నం గిన్నె విసిరిన మనిషివి నువ్వు. ఎక్కడ పట్టుకుంటే నేను కదలలేనో నీకు బాగా తెలుసు. తెలిసే అక్కడ పట్టుకున్నావు. నాతో ఒక్క మాట అనకుండా, మూడో మనిషి చేత నా కాలికి తాడు కట్టించావు. తర్వాత నువ్వే వచ్చి, నడవలేకపోతున్నావు కదా చెల్లె, కూర్చో అన్నావు.

లాస్ట్ బస్సులో మీ చెల్లె ఎందుకొస్తుందని డిపోలో అడుగుతున్నారని కూడా ఖాజా భాయితో అన్నావట. ఆ లాస్ట్ బస్సు ఎవరిది? మీ డిపో వాళ్లు నడిపేదే. అందులో కండక్టర్ మీ వాడే, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి మా గల్లీ మలుపులో ఆపి మరీ దించుతాడు. అంత భద్రంగా దించినవాళ్లే నీ దగ్గర నోరు పారేసుకుంటే, అడగాల్సింది వాళ్లను. వాళ్లను అడగడానికి నీకు నోరు రాలేదు. నన్ను ఆపడానికి మాత్రం చేతులొచ్చాయి. మొదటి సంవత్సరంలోనే మాకు చెప్పారు, రెండో వాళ్ల మాట వినకుండా తీర్పు ఇవ్వకూడదని. నువ్వు తీర్పు ఇవ్వడమే కాదు, అమలు కూడా చేసేశావు. నాకు మాత్రం పచ్చడి సీసా పంపావు.

నాకు ఎక్కువ కోపం ఎందుకో తెలుసా? పదో తరగతి పరీక్షలకు నన్ను బస్సులో ముందు సీటు ఆపి తీసుకుపోయింది నువ్వే. దారిలో పుస్తకం తెరిస్తే కళ్లు తిరుగుతాయని, ప్రశ్నలు నువ్వే చదివి నా చేత జవాబులు చెప్పించావు, ఒక పక్క టికెట్లు కొడుతూనే. ఆ అన్న ఎక్కడికి పోయాడో నాకు అర్థం కాదు. వేరే ఎవరైనా అడ్డుపడితే ఇంత నొప్పి ఉండేది కాదు.

ఆ కాలేజీలో ఏముందని అడుగుతావేమో. అడగవు, తెలుసు, అయినా చెబుతాను. సాయంత్రం మొదటి క్లాసు చెప్పే సారు పొద్దున కోర్టులో వకీలు. పాఠం అయ్యాక ఒక్కొక్కరిని లేపి కేసు ఇచ్చి వాదించమంటాడు. మొదటిసారి నేను లేచినప్పుడు నోట్లోంచి "లైన్‌లో ఉండండి" అని వచ్చింది. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు, ఉంటాం, చెప్పమ్మా అన్నాడు. చెప్పాను. చివరిదాకా ఎవరూ అడ్డు రాలేదు. నా బతుకులో నేను మొదలుపెట్టిన మాట నేనే ముగించింది ఆ రోజే. సిమెంటు దుకాణం మీది కాలేజీలో పట్టా వస్తుంది, కాదనను. ఆ పట్టా పట్టుకుని కోర్టులో నిలబడితే మళ్లీ లైన్‌లో ఉండండి అనే అంటాను.

మా ప్రిన్సిపాల్‌ను కలిశాను. ఇక మీదట ఒక్క క్లాసు కూడా తప్పకుండా వస్తే పరీక్షకు పంపే సంగతి చూస్తానన్నాడు, మాట మాత్రం ఇవ్వలేదు. మారతానంటే కాగితాలు వెంటనే ఇస్తాడట. తీసుకుంటే మళ్లీ ఇక్కడ సీటు ఉండదు. ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాను. మారడం లేదు. ఏడాది పోతే పోనీ, మళ్లీ అదే క్లాసులో కూర్చుంటాను. ఈ సంగతి నీకు చెబుతున్నాను, అడగడం లేదు.

ఖాజా భాయిని బతిమాలుకున్నాను, తప్పుగా అన్నానని. ఆయనకు నా మీద కోపం లేదు కానీ మళ్లీ ముందు రావడానికి వెనకాడాడు, మీ అన్నకు మాట ఇచ్చినా కదా అని. అన్న చేత ఒక మాట చెప్పించమన్నాడు. చెప్పించను అన్నాను. "కుర్చీల కూసునేది నేను, చదివేది నేను. నా సంగతి నన్నే అడుగుండ్రి భాయీ" అన్నాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. మర్నాడు, ఎప్పుడూ వచ్చే ఆ పాత టైముకు తలుపు చప్పుడైంది. టిఫిన్ డబ్బా బోర్డు పక్కన పెట్టి, "లే బిడ్డా, బస్సు పోతది" అన్నాడు. నేను బ్యాగు తీసుకుని పరుగెత్తాను, కనీసం సంతోషం అని కూడా చెప్పలేదు.

అమ్మకు నా దండాలు చెప్పు, నా కాలేజీ చేజారలేదని ధైర్యం చెప్పు, దీవించమను. పిల్లలకు ముద్దులు. వదినను వీలైతే కొంచెం జొన్నపిండి కట్టి పంపమను. డ్రైవర్ చేతికి ఇస్తే చాలు, గేటు దగ్గరికి నువ్వు రానక్కరలేదు.

వచ్చే వారం నీకు హైదరాబాద్ డ్యూటీ పడితే, ఖేడ్ బస్సు మా స్టాపుకు నేను కాలేజీకి బయల్దేరే వేళకే వస్తుంది. ఎక్కుతాను. బస్సెక్కిన ప్రతి మనిషినీ, ముక్కూ మొహం తెలియని వాళ్లను కూడా, ఎక్కడికని అడిగే కదా టికెట్ కొడతావు. నన్ను ఒక్కదాన్నే అడగకుండా సంగారెడ్డికి కొట్టేశావు. ఈసారి అందరినీ అడిగినట్టే నన్నూ అడుగు. చెబుతాను.

ఇట్లు,
కోపంగానే ఉన్న నీ చెల్లెలు,
విజయ