చెంబులో కొత్త పాట

అన్నా,

నువ్వు పదేండ్లు కాచుకున్న ఆ ఇంగ్లండు బ్యాండోళ్లు మళ్లా కలిసినారు. మూడు ఆల్బమ్‌లు చేసి, కొట్లాడుకొని విడిపోయినోళ్లు ఇప్పుడు కొత్త పాట వదిలినారు. ఆ కలిసేదేదో ఒక ఏడాది ముందు కలిసి చావకూడదా?

ఈపొద్దు నీ సంవత్సరీకం. నీ ఫోటో ముందర బొరుగుల ఉగ్గాని పెట్టి, శెనక్కాయలు వొలిచేటప్పుడు నువ్వు చేసినట్లే గట్టిగా ఇనపడాలని ఫోను చెంబులో నిలబెట్టి ఆ పాట వేసినా. నువ్వు తినాలని తలుపు దగ్గరికేసి, నేనూ అమ్మా బయట కూచున్నాం.

పాట ఏం బాగలేదన్నా. డ్రమ్ములు వాయించేది పాతాయన కాదు. నువ్వుంటే చెంబుతో సహా విసిరికొట్టుంటావు. నాకూ మండి, ఆపేద్దామని లేచినా.

"ఆ రొద ఆపరా" అని నిన్ను రోజూ తిట్టిన అమ్మ, నా చొక్కా పట్టుకొని కూచోబెట్టింది.

"ఉండనీరా, వాడు ఇంగా తింటాండాడు."