ఆరు గీతల బోల్టులు

1984 అక్టోబరు 6, శనివారం

ఈ దేశం వచ్చాక మొదటిసారి ఒక మనిషిని మెచ్చుకున్నాను. ఇంటి వెనక కంచె అవతల ఉండే ముసలాయన. పేరు డెల్బర్ట్. నా ఈడువాడే, తుంటి ఎముక మార్చారట, కుంటుతాడు. అయినా చెట్టెక్కుతాడు. మంచె మీద విల్లు పట్టుకుని కూర్చుని జింకల కోసం కాస్తాడు. కంచె వెనక అడవంతా అతనిదే.

చెట్టు అనేసరికి నా ఒళ్ళు లేచి నిలబడింది. నలభై ఏళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాణ్ణి. నడుముకు మోకు బిగిస్తే మా నల్గొండలో నా ముందు నిలిచినవాడు లేడు. గొప్ప కాదు, ఉన్న మాట.

కానీ ఆయన చెట్టు మొద్దుకు ఇనుప బోల్టులు గుచ్చి ఎక్కుతాడని తెలిసి కోపం వచ్చింది. చెట్టుకు ఇనుము గుచ్చుతావా అని తెలుగులోనే తిట్టాను. ఆయనకు అర్థం కాలేదు. నవ్వి, ఒక బోల్టు బయటికి లాగి చూపించాడు. వేలు దూరేంత రంధ్రం, అంతే. తిట్టు వెనక్కి తీసుకున్నాను.

నా బిడ్డ విజయశ్రీకి చెప్పాను. నాయినా, చూసుడు చూడు గని ఎక్కుడు వద్దు, ఇక్కడ ఎముక ఇరిగితె అతికిచ్చేది నేనే అంది. నర్సు కదా, మాట అలాగే ఉంటుంది.

అక్టోబరు 13

డెల్బర్ట్ కొత్త చెట్టుకు బోల్టులు కొనాలని బెంటన్‌విల్‌లో హార్డ్‌వేర్ షాపుకు తీసుకుపోయాడు. ఆయన మాట నాకు తెలుగులో చెప్పడానికి అల్లుడు జగదీష్ వచ్చాడు.

డబ్బాల్లో చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీసి తల చూస్తాడు. తల మీద గీతలుంటాయి. గీతలు లేనిది మెత్తనిది. మూడు గీతలది పర్వాలేదు. ఆరు గీతలది గట్టిది. అక్షరం రానివాడికి కూడా తెలిసేలా ఇనుముకు బొట్టు పెట్టినవాడెవడో గానీ వాడికి దండం.

గీతలొక్కటే చాలవట. మరలు ఎక్కడ ఆగుతాయో చూడాలి. మనిషి బరువంతా బెరడు అంచు దగ్గర పడుతుంది. అక్కడ మర పడిందా, ఇనుము అక్కడే తెగుతుంది. అందుకే కొసన కొంచెమే మర, మిగతాదంతా నున్నగా ఉన్నది ఏరాలి. డెల్బర్ట్ ఒకటి నచ్చక పక్కన పడేస్తే నేను తీసి చూసి నేనూ పడేశాను. ఇద్దరం చాలాసేపు అలాగే. జగదీష్ విసుక్కున్నాడు. పెళ్ళిపిల్లకు నగలు కూడా ఇంత చూడరు మామా అన్నాడు. నగ తెగితే మెడకేం కాదురా అన్నాను.

అక్టోబరు 20

ఈ రోజు తెల్ల ఓక్ చెట్టుకు రంధ్రాలు పెట్టాడు. చేతి డ్రిల్లు. దాని ములుకు మీద లోతు కొలిచి ప్లాస్టర్ చుట్టాడు, అంతకన్నా లోపలికి పోకుండా. పని చూస్తుంటే పూజ చూసినట్టుంది.

తిన్నగా పెట్టడు. లోపలికి పోయేకొద్దీ కిందికి వాలుస్తాడు. అప్పుడు బోల్టు తల బయట కొంచెం పైకి లేస్తుంది. పాదం జారినా మొద్దువైపే జారుతుంది, బయటికి కాదు. ఇది ఎవరు కనిపెట్టారని సైగ చేసి అడిగాను. తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అబద్ధమేమో. అయినా బాగుంది.

బోల్టు వేలితో తోస్తే పోతుంది, వేలితో లాగితే వస్తుంది. కాలు పెడితే మాత్రం చెట్టు పట్టుకుంటుంది. కుడికొకటి ఎడమకొకటి వేసుకుంటూ, నడుముకు బెల్టు కట్టుకుని ఎక్కాడు.

దిగాక కింది బోల్టులన్నీ పీకి సంచిలో వేసుకున్నాడు. పోకిరీలు ఎక్కి పడతారని. నాకు ముచ్చటేసింది. మేమూ అంతే. పనిముట్టు చెట్టుకు వదిలి ఇల్లు చేరేవాడు గీతగాడు కాదు.

అక్టోబరు 28

తుంటి మార్చుకున్న మనిషి. మంచె మీద కదలకుండా నాకంటే బాగా కూర్చోగలడు. ఊపిరి కూడా వినపడదు.

నవంబరు 4, ఆదివారం. సాయంత్రం నాలుగు గంటలు

మబ్బు పట్టింది. సన్నగా చినుకులు. భోజనం చేసి అడవి అంచుకు పోయి చూస్తే ఓక్‌కు బోల్టులు అలాగే ఉన్నాయి. ముసలాయన పీకడం మరిచిపోయాడు. మంచి ఇనుము, రాత్రికి తుప్పు పడుతుంది.

చెప్పులు విప్పి ఎక్కాను. విజయశ్రీకి చెప్పను. ఇద్దరు మనుషుల ఎత్తు ఎక్కి, దిగుతూ పైవి ఒక్కొక్కటీ లాగి పంచె ఒడిలో వేసుకున్నాను. చప్పుడు చేయలేదు. పైకి చూడలేదు. గీతగాడు ఎక్కేటప్పుడు పైకి చూడడు, కళ్ళల్లో చెత్త పడుతుంది. చూపు మొద్దు మీదే ఉండాలి. ఇన్నేళ్ళకు మళ్ళీ ఎక్కాను, కాలు వణకలేదు.

ఇంటికొచ్చి తుడిచి కొబ్బరి నూనె రాశాను. రేపు ఇస్తే సంతోషిస్తాడు.

నవంబరు 5

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

నిన్న నాలుగున్నరకు డెల్బర్ట్ భార్య ఓపల్ ఫోన్ చేసింది. మా ఆయన పొద్దున వేటకు పోయినవాడు ఇంకా రాలేదు, వాన పెద్దదైంది, మీ నాన్న చూశాడేమోనని. విజయశ్రీ నన్ను అడిగింది. నేను బల్ల మీద బోల్టుల వైపు చూశాను.

ఆయన పైనే ఉన్నాడు. నేను లాగుతున్నప్పుడు నా నెత్తి మీదే ఉన్నాడు.

బోల్టులు సంచిలో వేసి భుజాన తగిలించుకుని పరిగెత్తాను. మోకాలు నొప్పి గుర్తు రాలేదు. వెనకాల జగదీష్ టార్చితో. నాయినా నువ్వు ఎక్కొద్దు, ఫైర్ వాళ్ళను పిలుస్త అని విజయశ్రీ అరుస్తోంది. పిలువు, వాళ్ళొచ్చేలోపు నేను పోతా అన్నాను.

చల్లటి వాన. బెరడు నల్లబడి రంధ్రాలు కనపడలేదు. వేలితో తడిమి ఒక్కొక్కటీ వెతికాను. బోల్టు తోసి, దాని మీద నిలబడి, పైది తడిమి, తోసి. జగదీష్ కార్లోంచి తెచ్చిన తాడు మొద్దుకు చుట్టి నడుముకు కట్టుకున్నాను. బోల్టు అడ్డొచ్చిన ప్రతిచోటా తాడు ఎత్తి దాటించాలి. తాటిచెట్టుకు ఈ బాధ లేదు.

మంచె మీద డెల్బర్ట్ ముడుచుకుని ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. వేళ్ళు వంగడం లేదు, ఏదీ పట్టుకోలేడు. ఆయన బెల్టును తాడుతో మొద్దుకు కలిపి, నేను కిందుండి ఆయన బూటు నా చేత్తో పట్టుకుని బోల్టు మీద పెట్టాను. ఒక బూటు. తర్వాత ఇంకొకటి. ఒకచోట ఆయన జారాడు. ఆయన బరువూ నా బరువూ ఒకే బోల్టు మీద పడింది. అది కదల్లేదు. కొంచెం కూడా కదల్లేదు. మనిషి మాట ఇచ్చినట్టు నిలబడింది.

కింద దించాక ఓపల్ దుప్పటి కప్పింది. నావైపు చూడలేదు. కింద మా నాయిన బోల్టులు లాగుతుంటే ఎందుకు పిలవలేదని విజయశ్రీ ఆయన్ని కోపంగా అడిగింది. పళ్ళు కొట్టుకుంటూ చెప్పాడట. అప్పుడే చెట్టు వెనక పెద్ద కొమ్ముల జింక వచ్చిందట. నోరు తెరిస్తే పోతుందని ఊరుకున్నాడట. నేను ఒక్కొక్క బోల్టూ లాగుతుంటే చూస్తూ కూర్చున్నాడట. నేను వెళ్ళాక జింక బాణానికి అందేలా తిరగకుండానే పోయిందట. తర్వాత ఎంత అరిచినా వానలో ఎవరికీ వినపడలేదు.

అంబులెన్స్‌లో ఎక్కిస్తుంటే, మీ నాన్న పిల్లిలాగా ఎక్కాడు, జింక కూడా వినలేదు అన్నాడట. విజయశ్రీ అది నాకు చెప్పి ఏడ్చింది. తర్వాత తిట్టింది. నాయినా నీకు తల్కాయ లేదా, పైన మనిషి ఉన్నడో లేడో చూడవా అంది. ఎక్కేటప్పుడు చూడకూడదు బిడ్డా అని చెప్పబోయాను.

నవంబరు 7

డెల్బర్ట్‌కు ఊపిరితిత్తుల్లో నిమ్ము. విజయశ్రీ పనిచేసే ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఏమంటుందోనని ఆమె మొహం చూసే ధైర్యం చాలడం లేదు.

నవంబరు 10

ఇంటికి తెచ్చారు. బోల్టులు తువ్వాలులో చుట్టి తీసుకుపోయాను. ఓపల్ తలుపు తీసి, మూట తీసుకుని, తలుపు వేసింది. న్యాయమే. ఆమె మగణ్ణి నేను చెట్టు మీద వదిలి వచ్చాను. ఇక ఆ చెట్టు దగ్గరికి నన్ను రానివ్వరు. రానివ్వకపోతేనే మర్యాద.

తిండి సయించలేదు. మామా, ఆయన బతికిండు గదా అన్నాడు జగదీష్. బతకడం ఒకటి, నన్ను నమ్మడం ఒకటి అన్నాను.

నవంబరు 24, శనివారం

పొద్దున్నే తలుపు కొట్టారు. డెల్బర్ట్, చిక్కిపోయి, కోటు మీద కోటు వేసుకుని. రమ్మని తల ఊపాడు. ఇంకో ఓక్ దగ్గరికి నడిపించి చేతి డ్రిల్లు నా చేతిలో పెట్టాడు. మొదటి రంధ్రం నేనే పెట్టాలట.

వాల్చి పెట్టాను. పొట్టు రాలింది. చెట్టుకు గాటు పెట్టాక రుచి చూడకుండా ఉండలేను. చిటికెడు నోట్లో వేసుకున్నాను. వగరు.

డెల్బర్టూ వేసుకున్నాడు.