ఒక్కదాన్నే చేశానన్నావు

భేస్తాన్, సూరత్
జూలై 2020

ఊర్మిళక్కా,

నీకు జ్వరం తగ్గిందని తెలిసి మనసు కుదుటపడింది.

నిన్న నీ ఆన్‌లైన్ ప్రసంగాన్ని మా నాన్న, నేను ఫోన్‌లో చూశాం. ధనావేశమున్న పాలిమర్‌ను మందు చుట్టూ పొరలా పట్టించి, నువ్వు అందులో చూపించిన నానో రేణువులు చేసింది నేను. ఉప్పునీటిలో వేయగానే అవి ముద్దకడుతుంటే, చలికాలమంతా మళ్లీ మళ్లీ చేసి నిలబెట్టిందీ నేనే. లాక్‌డౌన్‌తో ల్యాబ్ మూతపడ్డాక, "రిజల్ట్స్ అన్నీ నాకు పంపు చెల్లె, ఇద్దరి పేర్లు పెడదాం" అన్నావు. నమ్మి పంపాను.

తెర మీద నీ పేరొక్కటే ఉంది. నాన్న మాత్రం, "జర ఆగు బిడ్డా, ఆఖరుకు నీ పేరు చెప్తది. మనోళ్ల పిల్లనే గదా" అన్నాడు. ఇంతలో ఎవరో, ఈ పనిలో తోడెవరని నిన్ను అడిగారు. ఒక్కదాన్నే చేశానన్నావు. నాన్న ఫోన్ నా చేతిలో పెట్టి, అన్నం తినకుండానే మగ్గాల కార్ఖానాకు వెళ్లిపోయాడు.

నా ప్రయోగాల వివరాలన్నీ రేపు గైడ్ సార్‌కు పంపుతున్నాను. నీకు తెలియకుండా చేయడం ఇష్టంలేక ముందే చెబుతున్నాను. ల్యాబ్‌లో నాకు పిపెట్ పట్టడం నేర్పింది నువ్వేనని కూడా అందులో రాశాను.

ఇట్లు,
నీ దగ్గర పని నేర్చుకున్న చెల్లె