ఓడ వెండిలో కలిసిన మొలతాడు

మంగళవారం రాత్రి

చిట్టినాన్నా,

మునిగిన ఓడలో సరుకు తీయడానికి దిగి నువ్వు పోయిన చోటే నీ వెండి మొలతాడు దొరికింది. దాన్నీ ఓడ సొత్తేనని రాసి, ఓడలో దొరికిన పాత వెండితో కలిపి సీలు వేశారు. ఆ వెండి మాదంటే మాదని కంపెనీ, సర్కారు కోర్టుకెక్కాయి. అది తేలేదాకా ఇవ్వరట.

ఇవాళ తెలీబంధా పేటకెళ్లి, అక్కడి హిందీ లాయర్ని అడిగాను.

"మీదేనని సబూత్, అదే రుజువు, ఏముంది మాజీ? రసీదు ఉందా?" అన్నాడు.

"మొలతాడుకి రసీదేంటి బాబూ? నీకు కట్టినప్పుడు మీ అమ్మ తీసుకుందా?" అన్నాను.

నవ్వబోయి, తన నడుం తడుముకున్నాడు. "మేమూ కడతాం మాజీ, కర్ధన్ అంటాం. దరఖాస్తు పెడతాను. జడ్జిగారు వింటారో లేదో!"

ఈ రాత్రి నిద్ర పట్టడం లేదు. బోసి మొలతో నిన్ను కాటికి సాగనంపాను. ఆ మొలతాడు బిగువైందని సగం అన్నం వదిలేసేవాడివి. చేతికొచ్చాక లంకె వేయించి వదులు చేయిస్తాను. నువ్వు మాత్రం కడుపునిండా తిను నాన్నా.