అర్థం కాని చోటు

తిరుపతి, గురువారం

నాయనకు మోహన నమస్కారాలు. ఫోనులో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. చదువు మానేసి శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో పనికి పోతానని పోయిన వారం ఏడ్చాను కదా, ఆ దిగులు వదిలెయ్యి. నేను పోవడం లేదు.

మా సమాజశాస్త్రం పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే. ప్రతి మాటకూ అర్థం వెతుక్కుంటూ రోజుకు రెండు పేజీలు కూడా దాటలేకపోయేదాన్ని. మా గదిలో ఉండే చిత్తూరు అమ్మాయి అంబ్రీన్ అది చూసి, "పుస్తకం మూసెయ్ మే. సదివింది మీయమ్మకు సెప్పినట్ల నాకు సెప్పు" అంది. మొదలుపెట్టి సగంలోనే ఆగిపోయాను. "యాడ ఆగినావో ఆడే నీకు తెలీలేదు. ఆ ముక్క రాసిపెట్టుకో, మిగతాదంతా నీకు వచ్చేసుండాది" అంది.

మరుసటి రోజు ఆ ముక్కనే తరగతిలో అడిగాను. సార్ సుద్దముక్క కింద పెట్టి, "మంచి ప్రశ్న. యాడ దొరికిందమ్మా?" అన్నారు. "నాకు అర్థం కాని సోట దొరికింది సార్" అన్నాను. అందరూ నవ్వారు, సార్ నవ్వలేదు. ఆ గంటంతా దాని మీదే పాఠం చెప్పారు.

అవ్వకు కంటి చుక్కలు వేస్తున్నారా? స్కాలర్‌షిప్పుకు ఆదాయం సర్టిఫికెట్ అడుగుతున్నారు, తీసి పెట్టు. ఇంట్లో ఎవరి పని ఎంతో సార్ మమ్మల్ని వ్యాసం రాయమన్నారు. అమ్మ లేచినప్పటి నుంచి పడుకునేదాకా చేసే పనులన్నీ చెల్లెలి చేత రాయించి పంపు. నువ్వు చెప్పొద్దు నాయనా, అమ్మనే చెప్పనీ. ఒక్క కార్డు చాలదు, రెండు మూడు కొను.

ఇంటిల్లిపాదినీ అడిగానని చెప్పు.

నీ బిడ్డ,
మోహన