నా టోకెన్ నేనే తీసుకుంటాను

ఛాంపియన్ రీఫ్, కె.జి.ఎఫ్.
గురువారం పొద్దున

అప్పకు,

మునిలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ అమ్మ బాగుండాది, కోళ్ళు బాగుండాయి, ఇల్లు నిలబడే ఉండాది. నేను మాత్రం బాగలేను. నువ్వు హట్టి గనిలో బాగానే ఉండావని నీ ఉత్తరం చూస్తేనే తెలిసిపోయింది. జ్వరమో నొప్పో ఉండే మనిషి అన్ని పేజీలు తిట్లు రాయలేడు.

ఫోన్ చేయకుండా కాగితం మీద ఎందుకు రాస్తా ఉండానో నీకే తెలుసు. ఫోన్‌లో నేను గొంతు పెంచితే చాలు, “హలో... హలో... టవర్ లేదమ్మా” అంటావు. అదే రూములో పిల్లప్ప మామ ఫోన్‌లో పాటలు మోగుతా ఉంటాయి, నాకు ఇనబడవా? మామకు ఉండే టవర్ నీకు యాడికి పోతాది? కాగితానికి టవర్ అక్కర్లేదు. చివరిదాకా చదువు. మధ్యలో మడిచి జేబులో పెట్టుకున్నావంటే నా మీద ఒట్టే.

నువ్వడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను. వెనక రూము రేకు మార్చినాము. ఇప్పుడు వాన వస్తే ఒక్క చోటే కారతాది, దాని కింద అమ్మ అండా పెట్టింది. మోకాలికి డాక్టరు రాసిచ్చిన మాత్రలు అమ్మ వేసుకుంటా ఉండాదా అని అడిగినావు. వేసుకోవడం లేదు. నేను చెప్తే ఇనదు, నువ్వు చెప్తే ఇంటాది. నాకు రాసిన తిట్లలో రెండు ఆమెకు రాసి ఉంటే ఆ మోకాలన్నా బాగుపడేది.

ఇంగ మూడో ప్రశ్న. నువ్వు రాసింది నువ్వే మళ్ళా చదువుకో. “యాప్‌లో నీ మార్కులు చూస్తానే ఉండాను. ఆవరేజు పాతాళానికి పోయింది. ఫోన్ ఇప్పించింది చదవడానికా, సినిమాలు చూడ్డానికా? ఎవడితో మాట్లాడతా ఉండావు? ఇంగ ఆ ఎంబీఏ పరీక్షా వద్దు, ఏమీ వద్దు. చిక్కవెంకటప్ప మామకు మాట ఇచ్చేసినాను. వచ్చే సోమవారం నుంచి కోలారు టమాటా మార్కెట్లో ఆయన మండీకి పోయి బిల్లులు రాయి.”

ఎవడితో మాట్లాడతా ఉండావు అంట! ఆ మాట రాసేటప్పుడు చెయ్యి ఎట్లా వచ్చింది అప్పా నీకు? పొద్దున లేస్తే గని మన్ను పోసిన సైనైడ్ దిబ్బ మీద నుంచి గాలికి కొట్టుకోనొచ్చే దుమ్ము తుడుచుకుంటా, ఈ గడప మీద కూర్చోని ఫోన్‌లో టెస్టులు రాసి రాసి నా కండ్లు పోతా ఉండాయి. ఇంత చిన్న స్క్రీన్‌లో అంత పొడుగు ఇంగ్లీషు పేరాలు. పైకి కిందికి జరిపేలోపలే టైం అయిపోతాది. పక్కింటివాళ్ళు ‘మీ మునిలక్ష్మికి ఫోన్ పిచ్చి’ అంటే అమ్మ వాళ్ళతో గలాటా పెట్టుకోనొచ్చింది. అదే మాట మా అప్ప నోటినుంచి వస్తే ఎవరితో గలాటా పెట్టుకోవాల?

సరే, ఇప్పుడు ఇను. ఆ మార్కులు నావి కావు. నీవి.

అవును, నీవే. తొమ్మిది పర్సెంటైల్ అని ఉండాదే, అది నువ్వు సంపాదించిందే. నూరు మందిని నిలబెడితే తొంభై మందికి పైగా నీకన్నా ముందర ఉండారని దాని అర్థం. తప్పు రాస్తే మైనస్ మార్కులు వేస్తారు అప్పా! తెలీకపోతే అడగరాదా? నువ్వు రాసి, నువ్వు ఫెయిలయి, నన్ను తిడతావా?

నాకు ఎట్లా తెలిసిందో చెప్తాను. పోయిన వారం ఈ టెస్టులు పెట్టే బెంగళూరు కోచింగ్ నుంచి మెయిల్ వచ్చింది. మీ పేరుతో నాలుగు ప్రాక్టీస్ టెస్టులు వేరే ఫోన్‌లో, వేరే ఊరి నుంచి రాసి ఉండారు, ఎవరు రాసినారో చెప్పండి అని. ఎవడో దొంగ నా అకౌంట్‌లో దూరినాడనుకోని ఏడ్చినాను. అమ్మ వాకిట్లో నిలబడి వాని చేతులు పడిపోవాల, వాని కొంప కూలిపోవాల అని మన్ను ఎత్తి పోసింది. అవన్నీ నీకే తగిలినాయి, చూసుకో.

తర్వాత మెయిల్‌తో పాటు వాళ్ళు పంపించిన ఆ టెస్టులు తెరిచి చూసినాను. అన్నిటికీ మూడో ఆప్షన్. ఇంగ్లీషుకూ మూడోదే, లెక్కలకూ మూడోదే. ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేయాల్సిన చోట అంతటా ఒకటే నంబర్. రైలు ఎన్ని గంటల్లో చేరుతుంది? 2714. తండ్రి వయసెంత? 2714. ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు? అదీ 2714. ఆ నంబర్ మన ఇంట్లో యాడ ఉండాదో నీకు చెప్పాల్నా? నీ పాత టిఫిన్ డబ్బా మూత మీద మేకుతో గీకి ఉండాది. గనిలో అంజినప్ప తాత టోకెన్ నంబర్. తాత పోయినాక ఆయన ఉద్యోగంతో పాటు నీకు వచ్చి, ఇక్కడి గని మూసేదాకా నీ దగ్గరే ఉండిన నంబర్. డబ్బా తెచ్చి అమ్మకు చూపించినాను. అమ్మ పొట్ట పట్టుకోని నవ్వింది, కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకు ఒక్క పిసరు కూడా నవ్వు రాలేదు.

నీకు ఫోన్ చేస్తే హలో హలో అంటావని పిల్లప్ప మామకే చేసినాను. ఆయన ఎంత హాయిగా చెప్పినాడో! “ఏం లేదమ్మా, యాప్‌లో నీ పేరు ఎదురుగా ఎర్రగా ఆబ్సెంట్ అని పడినాది. మీ నాయనకు ముద్ద కూడా దిగలేదు. మన కె.జి.ఎఫ్.లో షిఫ్టుకు రాలేనివాని టోకెన్ జతగాడు తీసిపెట్టి హాజరు వేయించేవాడు గదా, అట్లనే పాప ఆబ్సెంట్ పడకుండా మనమే ఒత్తేద్దాం అన్నాడు. మూడోది ఒత్తమని నేనే చెప్పినా. దానికేం కోపం?” అన్నాడు. మీరిద్దరూ పొద్దుగూకినాక మంచం మీద కూర్చోని, నా పరీక్షను క్యారంబోర్డు ఆడినట్టు ఆడినారు.

నేను ఎందుకు ఆబ్సెంట్ అయినానని ఒక్కసారి అడిగినావా? ఆ యాప్‌లో నా నంబర్ ఇస్తానంటే, “ఆడపిల్ల నంబర్ ఊరంతా తిరగతాది, నాది ఇవ్వు” అన్నది ఎవరు? నువ్వే. ఇప్పుడు నేను లోపలికి పోవాలంటే ఓటీపీ నీ ఫోన్‌కు వస్తాది. నీ ఫోన్ లాకర్‌లో ఉంటాది. నువ్వు భూమి లోపల ఉంటావు. శని, ఆదివారాలు టెస్టు తెరిచి ఉంటే, ఆ రెండు దినాలూ నీకు షిఫ్టు పడితే, నేను గడప మీద కూర్చోని నీకు రింగ్ చేస్తా, చేస్తా, ఫోన్ నేలకు కొట్టబుద్ధయ్యేది. నువ్వు పైకొచ్చి మిస్డ్ కాల్స్ చూసి నాకు ఓటీపీ చెప్పకుండా, నువ్వే లోపలికి పోయి కూర్చున్నావు!

ఆబ్సెంట్ అయితే ఏమీ పోదు అప్పా. రాయని టెస్టు లెక్కలోకే రాదు. అది హాజరు పట్టీ కాదు, జీతం కోసేవాళ్ళు ఎవరూ లేరు. మనం యాడ తప్పు చేస్తామో ముందే తెలుసుకోడానికి రాసేది. నేను రాసినవాటిలో నా తప్పులు ఉండాయి, అవి చూసి నేర్చుకున్నాను. నువ్వు రాసినవాటిలో ఏముండాది నేర్చుకోడానికి?

పోయింది ఏమిటో ఇప్పుడు చెప్తాను. ఆవరేజు బాగుండేవాళ్ళను కొంతమందిని ఏరి ఆ కోచింగ్ వాళ్ళు ఇంటర్వ్యూ క్లాసు పెడతారు. పెద్ద కాలేజీల్లో చదివినవాళ్ళు వచ్చి ఒక్కొక్కరిని ఎదురుగా కూర్చోబెట్టుకోని, ఎట్లా మాట్లాడాల, ఏమడుగుతారు అని నేర్పిస్తారు. మన గనివాళ్ళ లైన్ ఇండ్లలో ఇంగ్లీషులో నాతో మాట్లాడేవాళ్ళు ఎవరుండారు చెప్పు, కోళ్ళా? ఆ క్లాసుకు నన్ను తీసుకున్నారు అప్పా. నీకు చెప్పలేదు. కాలేజీ సీటు వచ్చినాక అన్నీ కలిపి ఒకేసారి చెప్దామని దాచుకున్నాను. అట్లా దాచుకోని తిరిగింది కూడా సంతోషంగానే ఉండింది. ఆ క్లాసు ఇప్పుడు లేదు.

ఎందుకు లేదో చెప్పడానికే ఇంత రాసినాను. కోచింగ్ మేడం ఫోన్ చేసింది. మంచి మనిషే. “అకౌంట్ హ్యాక్ అయిందని ఒక మాట రాసి పంపించమ్మా, ఆ నాలుగు టెస్టులూ తీసేస్తాము, నీ క్లాసు నీకుంటుంది” అనింది. అమ్మ కూడా అట్లనే రాసెయ్ అనింది. రాయడానికి కూర్చున్నాను. హ్యాక్ అని కూడా టైప్ చేసినాను. కొట్టేసినాను. మా నాయన రాసినాడు అని రాసినాను. నీ పేరు, నీ ఊరు, అన్నీ రాసి పంపించినాను. అకౌంట్ ఇంకొకరికి ఇస్తే క్లాసులో ఉంచకూడదని వాళ్ళ రూలు. నా పేరు తీసేసినారు.

ఇప్పుడు నీకు కోపం వస్తా ఉంటాది. కూతురే నన్ను పట్టిచ్చిందే అని. రానీ. నాకు వచ్చినంత రాదులే.

తాత సంగతి నాకు చెప్పింది నువ్వే గదా అప్పా. ముద్ద కలిపి పెడతా ఎన్ని సార్లు చెప్పినావు! షిఫ్టు అయిపోతే ఎవరి టోకెన్ వాళ్ళు టైం ఆఫీసులో మేకుకు తగిలించాల. మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపల ఉండాడని లెక్క. ఆ దినం తాత సామాన్లు సర్దుకోని వెనకాల వస్తానంటే, జతగాడు తిమ్మరాయప్ప, మన తాత టోకెన్ కూడా తనే తీసుకోనొచ్చి తగిలించేసినాడు. పాపం, లైన్లో నిలబడే పని తప్పుతాదని, మంచికే చేసినాడు. అప్పుడే లోపల రాయి పేలి గని కూలింది. ఆఫీసులో బోర్డు చూసినారు. అన్ని మేకులూ నిండి ఉండాయి. అందరూ పైకొచ్చేసినారు అన్నారు. పిల్లమ్మ అవ్వ అన్నం చేసి పెట్టుకోని చూసి చూసి గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరికి పోయి, “మా ఆయన రాలేదే” అని అడిగితే, “వచ్చేసినాడు పోమ్మా, టోకెన్ ఉండాదే” అన్నారు. ఆమె మాట చెవిన పెట్టి లోపలికి దిగేటప్పటికి ఆలస్యమైపోయింది. ముందే వెతికి ఉంటే బతికేవాడని నువ్వే గదా చెప్పేది? చెప్పి, ముద్ద చేతిలోనే పెట్టుకోని అట్లనే కూర్చునేది నువ్వే గదా?

మరి నువ్వు ఎట్లా చేసినావు అప్పా ఈ పని? అదీ ఆ నంబర్ కొట్టి!

నేను లేని చోట ఉండానని ఎవరూ రాయొద్దు. ఆబ్సెంట్ అంటే ఆబ్సెంట్ అనే ఉండనీ. అప్పుడే గదా నేను యాడ ఉండానని ఎవరైనా వెతికేది. హ్యాక్ అని నేను రాసి ఉంటే నేనూ ఒక దొంగ టోకెన్ తగిలించినట్టే. అందుకే రాయలేకపోయినాను. క్లాసు పోయిందని రెండు దినాలు అన్నం తినలేదు, అమ్మను అడుగు. అయినా రాసిందానికి నాకు బాధ లేదు.

ఇంకా రెండు పనులు చేసినాను, అవీ చెప్పేస్తాను. నిన్న కోలారు బస్సెక్కి మార్కెట్‌కు పోయి చిక్కవెంకటప్ప మామకు రానని చెప్పేసినాను. “మీ నాయన మాట ఇచ్చినాడే” అన్నాడు. “మాట ఇచ్చినాయన్నే వచ్చి బిల్లులు రాయమనండి మామా, అన్ని బిల్లుల్లోనూ 2714 రాసిపెడతాడు” అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఒక సంచి టమాటాలు ఇచ్చి పంపించినాడు. రెండోది, మేడంను అడిగి యాప్‌లో నీ నంబర్ తీసేసి నాది పెట్టుకున్నాను. ఇంగ నీకు ఓటీపీ రాదు.

నువ్వు ఆ ఆరు అంకెలు ఒక్కొక్కటీ రెండు సార్లు చెప్పి, “రాసుకున్నావా మునీ, సరిగా ఉండాదా మునీ” అని అడిగేవాడివి. మనం తిట్టుకోకుండా మాట్లాడుకునేది ఆ ఒక్క నిమిషమే. నంబర్ మార్చేటప్పుడు అది గుర్తొచ్చి కొంచెంసేపు చెయ్యి ఆగింది. అయినా మార్చినాను.

పరీక్ష వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం. బెంగళూరులో సెంటర్. పొద్దున రైలుకు నేనూ అమ్మా పోతాము. నువ్వు వద్దన్నా పోతాము. అక్కడ ఫోటో తీస్తారు, వేలిముద్ర తీసుకుంటారు, నా బదులు నువ్వూ పిల్లప్ప మామా వచ్చి కూర్చోడానికి కుదరదు.

ఒక్కటి మాత్రం చెయ్యి. ఆ దినం షిఫ్టు మార్చుకోని పైనే ఉండు, ఫోన్ చేతిలో పెట్టుకో. పరీక్ష అయిపోయింటాది, పాప వచ్చేసింటాది అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. బయటికి వచ్చినాక నేనే ఫోన్ చేస్తాను. నా గొంతు ఇనేదాకా, నేను ఇంకా లోపలే ఉండానని అనుకో.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని, నీ ఫోన్ కోసం కాచుకునే అలవాటు పోని,
నీ బిడ్డ
మునిలక్ష్మి