గాలిలో ఆగిన గెంతు

అక్కా,

“ఏరా, గొంతు అదోలా ఉందేంటి?” అని నువ్వు ఫోన్లో అడిగితే జలుబన్నాను. జలుబు కాదు.

మా ఆఫీసులో ఇకమీదట కంప్యూటర్ ఆటలన్నీ కొత్త ప్రోగ్రామింగ్ భాషలోనే రాస్తారట. అది నేర్చుకుంటానో, పాత ఆటల మరమ్మతులకే ఉండిపోతానో శుక్రవారంలోగా చెప్పాలి. ఇరవై ఏళ్లుగా ఆటలు రాస్తున్నవాణ్ణి, మళ్లీ ఓనమాలా అని ఒళ్లు మండింది. అయినా ఉండబట్టలేక, నా మొదటి ఆట, ఆ కోతి ఆటనే అందులో రాసి చూశాను.

కోతి గెంతినప్పుడు పైన రెప్పపాటు గాలిలో ఆగుతుంది కదా, నాకు పేరు తెచ్చింది ఆ ఆగడమే. కొత్త భాష సరిగ్గా ఆ చోట ఎర్రగీత గీసి, ఇక్కడ ఒక అంకె పెట్టడం మరిచారంది. నిజమే అక్కా, మరిచాను. పాత భాష నా తప్పును ఎత్తిచూపకుండా కడుపులో పెట్టుకుంది, కోతి పైన ఆగింది అందుకే. అందరూ ఆ ఆగడాన్ని నా నేర్పనుకున్నారు. నేనూ అనుకున్నాను.

అంకె పెట్టాను. కోతి రాయిలా కిందపడింది. మా అమ్మాయి ఆడి చూసి, “నాన్నా, ఇది మన కోతి కాదు. దాని వేషం వేసుకున్న ఇంకెవరో” అంది.

ఏం చేయాలో తోచడం లేదు. నేర్చుకోనంటే పొగరంటారు. నేర్చుకుంటే ముందుగా ఆ కోతినే అందులో గెంతించమంటారు, గెంతు సంగతి బయటపడుతుంది. కుట్టుమిషన్ మార్చినప్పుడు నెల్లాళ్లు ఏడ్చి, తర్వాత పాతదాన్ని మూలన పడేసినదానివి, నువ్వే చెప్పు. బావకు మాత్రం తెలియనివ్వకు, ఆ గెంతు గురించి ఊరంతా చాటింది ఆయనే.

ఆ తప్పు తెలియక చేయడానికి నాకు ఒక్క పూట పట్టింది. ఇప్పుడు తెలిసి చేయాలంటే, ముందు ఆ కొత్త భాష పూర్తిగా రావాలి.

నీ తమ్ముడు